మంచు సెలవులు, వర్చువల్ బోధన: అమెరికా ప్రైవేటు పాఠశాలల విధానం

నిర్వచనం, పరిధి

భారీ హిమపాతం, రోడ్ల మీద పేరుకున్న మంచుగడ్డ, నేల తాకగానే గడ్డకట్టే వాన, ప్రాణాంతకమైన చలిగాలి వంటి కారణాలతో క్యాలెండర్‌లో లేకుండా పాఠశాల మూసే రోజును మంచు సెలవు అంటారు. అమెరికా వాడుకలో దీని పేరు ‘స్నో డే’. అలాంటి రోజున పిల్లలు ఇంట్లోనే ఉండి, ఇంటర్నెట్ ద్వారా గానీ ముందుగా ఇచ్చిన పాఠ్యపత్రాల ద్వారా గానీ చదువు కొనసాగిస్తే దాన్ని వర్చువల్ రోజు, ఈ-లెర్నింగ్ రోజు, రిమోట్ రోజు అని రకరకాలుగా పిలుస్తారు. ఈ వ్యాసం అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని ప్రైవేటు పాఠశాలలు ఈ రెండింటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకుంటాయో, ఆ ఎంపికను ఏయే అంశాలు శాసిస్తాయో వివరిస్తుంది.

అమెరికాలో సుమారు 30 వేల ప్రైవేటు పాఠశాలలు ఉన్నాయి. వాటిలో 47 లక్షల మంది దాకా చదువుతున్నారు. దేశంలోని బడి పిల్లల్లో ఇది రమారమి పదో వంతు. ఈ పాఠశాలలన్నీ ఒకే కోవకు చెందవు. విద్యార్థుల సంఖ్యలో క్యాథలిక్ బడులది మూడో వంతుకు పైగా వాటా. ఇతర క్రైస్తవ శాఖల బడులు, యూదు బడులు, ఇస్లామిక్ బడులు, ఏ మతానికీ చెందని స్వతంత్ర పాఠశాలలు, మాంటిస్సోరి, వాల్డార్ఫ్ పద్ధతుల బడులు, వసతి పాఠశాలలు, ఆమిష్ క్రైస్తవ సమాజం నడుపుకునే ఒంటిగది బడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అందువల్ల ‘ప్రైవేటు పాఠశాలల విధానం’ అనే మాటకు ఒకే జవాబు ఉండదు. అయినా మంచు కురిసిన తెల్లవారుజామున ఏ యాజమాన్యమైనా మూడు ప్రశ్నలు ఎదుర్కోక తప్పదు. పిల్లలు క్షేమంగా బడికి వచ్చి ఇంటికి చేరగలరా అన్నది మొదటిది. ఈ రోజు పోతే చట్టం అడిగే పనిదినాల లెక్క ఏమవుతుందన్నది రెండోది. చదువుకు నిజంగా ఎంత నష్టం అన్నది మూడోది. ప్రైవేటు బడికి ఉన్న స్వేచ్ఛ ప్రధానంగా రెండో ప్రశ్నకు సంబంధించినది. మొదటి ప్రశ్నలో అది పక్కనున్న ప్రభుత్వ బడితో సమానమే. వర్చువల్ బోధన మూడో ప్రశ్నకు మాత్రమే సమాధానం. ఈ మూడింటినీ వేరువేరుగా చూసిన బడిలో విధానం స్పష్టంగా ఉంటుంది. కలగలిపిన చోట గందరగోళం పుడుతుంది.

చరిత్ర

మంచు తుపాను విషయంలో బడి నిర్ణయం ప్రాణాల సమస్య అన్న సంగతిని అమెరికాకు నేర్పిన ఘటన 1888 జనవరి 12న జరిగింది. ఆ రోజు ఉదయం గ్రేట్ ప్లెయిన్స్ మైదానాల్లో వాతావరణం తేలికగా ఉండడంతో పిల్లలు పలుచని బట్టలతోనే బడికి వెళ్లారు. ఆ తర్వాత హఠాత్తుగా మంచు తుపాను విరుచుకుపడింది. బడి నుంచి ఇంటికి నడిచి వెళ్తూ దారి తప్పిన పిల్లలతో సహా 235 మంది దాకా చనిపోయారని అంచనా. చరిత్రలో దీన్ని ‘బడి పిల్లల మంచు తుపాను’ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో చిన్న ఊరి బడులు కలిసిపోయి, పిల్లలు బస్సుల్లో దూరాలకు వెళ్లి చదవడం మొదలయ్యాక ప్రశ్న మారింది. పిల్లవాడు నడవగలడా అనే ప్రశ్న పోయి, బస్సు నడుస్తుందా అనే ప్రశ్న వచ్చింది. మూసివేత కబురు రేడియోలో, తర్వాత టీవీ తెర అడుగున కదిలే అక్షరాల్లో, ఇప్పుడు ఫోన్ సందేశాల్లో అందుతోంది.

ఇంటి నుంచే చదువు అనే ఆలోచన కూడా ఇంటర్నెట్ కంటే పాతది. 1937లో పోలియో భయంతో షికాగో నగర బడులు ఆలస్యంగా తెరిచినప్పుడు, మూడు లక్షలకు పైగా పిల్లలకు స్థానిక రేడియో కేంద్రాల ద్వారా పాఠాలు చెప్పారు. 1977 శీతాకాలంలో సహజవాయువు కొరత వల్ల ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగర బడులు మూతపడినప్పుడు ‘బడి లేని బడి’ పేరుతో టీవీ, రేడియో, వార్తాపత్రికల సాయంతో బోధన సాగింది. 2010 తర్వాత ఒహాయో, న్యూ హాంప్‌షైర్ వంటి రాష్ట్రాల్లో ‘బ్లిజర్డ్ బ్యాగ్’ పద్ధతి వ్యాపించింది. చలికాలానికి ముందే పాఠ్యపత్రాలు సంచిలో పెట్టి ఇంటికి పంపుతారు, లేదా వెబ్‌లో ఉంచుతారు. మంచు సెలవు వస్తే పిల్లలు వాటిని పూర్తి చేస్తారు. 2014–15 శీతాకాలంలో బోస్టన్‌లో రికార్డు స్థాయిలో 110.6 అంగుళాల మంచు కురిసింది. వరస మూసివేతలతో ఆ ప్రాంతంలో పనిదినాల చర్చ ముదిరింది.

2020 మార్చిలో కోవిడ్ వల్ల దేశమంతటా బడులు మూతపడడం ఈ చరిత్రలో మలుపు. కొన్ని వారాల్లోనే చాలా బడులకు వీడియో తరగతుల అలవాటు, చాలామంది ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ పాఠం చెప్పిన అనుభవం వచ్చాయి. 2020 నవంబరులో ఎడ్యుకేషన్ వీక్ పత్రిక జరిపిన సర్వేలో 39 శాతం ప్రిన్సిపాళ్లు, స్కూలు డిస్ట్రిక్టు (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) అధికారులు మంచు సెలవులను రిమోట్ రోజులుగా మార్చామని చెప్పారు. మరో 32 శాతం ఆ ఆలోచనలో ఉన్నామన్నారు. అయితే అదే ఏడాది డిసెంబరులో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీ బడులు తొలి మంచు పడిన రోజున ఆన్‌లైన్ పాఠాలు కూడా ఆపి పిల్లలకు పూర్తి సెలవిచ్చాయి. ఈ రెండు ధోరణులూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

చట్టపరమైన పునాది

ప్రైవేటు బడుల ఉనికికి రక్షణ 1925 నాటి ‘పియర్స్ వర్సెస్ సొసైటీ ఆఫ్ సిస్టర్స్’ తీర్పు నుంచి వచ్చింది. పిల్లలంతా ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగన్ రాష్ట్ర చట్టాన్ని సుప్రీంకోర్టు ఆ కేసులో కొట్టివేసింది. అయితే విద్య రాష్ట్రాల పరిధిలోని విషయం గనుక, ప్రైవేటు బడి ఎన్ని రోజులు నడవాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒహాయోలో 2014–15 నుంచి రోజుల లెక్క పోయి గంటల లెక్క వచ్చింది. పూర్తి రోజు కిండర్‌గార్టెన్ నుంచి ఆరో తరగతి దాకా ఏడాదికి 910 గంటలు, ఏడు నుంచి పన్నెండు దాకా 1001 గంటలు. రాష్ట్ర గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ ఈ నియమం వర్తిస్తుంది. కొన్ని రాష్ట్రాలు ప్రైవేటు బడులకు సంఖ్యను నిర్దేశించకుండా, ప్రభుత్వ బడితో సమానమైన బోధన ఉండాలని మాత్రమే కోరతాయి.

ప్రభుత్వ బడులపై ఉన్న కట్టుబాటుతో పోల్చితే తేడా తెలుస్తుంది. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ బడులు 180 రోజులు నడవాలి. మంచును దృష్టిలో పెట్టుకుని ముందే 185 రోజులకు క్యాలెండర్ వేసుకోవాలి. ఆ రాష్ట్రం బ్లిజర్డ్ బ్యాగ్ తరహా కార్యక్రమాన్ని 2019–20 తర్వాత ఆపేసింది. పిల్లలందరికీ సమాన అవకాశం అందడం లేదన్న ఆందోళన అందుకు ఒక కారణం. న్యూజెర్సీలో అత్యవసర పరిస్థితి వల్ల వరసగా మూడు రోజులకు మించి మూతపడితే తప్ప, ప్రభుత్వ బడుల వర్చువల్ రోజు 180 రోజుల లెక్కలోకి రాదు. మిన్నెసోటా 2017లో ఏడాదికి ఐదు ఈ-లెర్నింగ్ రోజుల దాకా అనుమతించింది. పెన్సిల్వేనియా 2019 చట్టం కూడా ఐదు రోజుల పరిమితి పెట్టింది. ఇండియానా 2022లో, ప్రత్యక్ష బోధన లేకుండా సాగే వర్చువల్ రోజులను మూడుకు పరిమితం చేసింది. ఈ పరిమితుల్లో చాలావరకు ప్రభుత్వ నిధుల లెక్కకు ముడిపడి ఉన్నాయి. ఫీజుల మీద నడిచే బడికి ఆ ముడి లేదు. అందుకే స్వతంత్ర పాఠశాలలు మంచు రోజును వర్చువల్‌గా మార్చడమైనా, అసలు భర్తీ చేయకుండా వదిలేయడమైనా ఎక్కువ స్వేచ్ఛతో చేయగలుగుతున్నాయి.

నిర్ణయం: ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా

ప్రభుత్వ బడుల విషయంలో మూసివేత నిర్ణయం డిస్ట్రిక్టు సూపరింటెండెంట్‌ది. ఒక ప్రకటనతో ఆ డిస్ట్రిక్టులోని ప్రభుత్వ బడులన్నీ మూతపడతాయి. స్వతంత్ర పాఠశాలలో ఆ అధికారం బడి అధిపతిది. క్యాథలిక్ బడుల్లో కొన్నిచోట్ల డయోసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) విద్యా కార్యాలయం నిర్ణయిస్తుంది, మరికొన్నిచోట్ల స్థానిక ప్రిన్సిపాల్‌కే వదిలేస్తుంది. సాధారణంగా నిర్ణయం తెల్లవారుజామున ఐదు, ఆరు గంటల మధ్య వెలువడుతుంది. తుపాను రాక ఖాయమని తేలితే ముందు రోజు సాయంత్రమే చెబుతారు. జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరికలు, రోడ్ల శాఖ సమాచారం, బస్సు నిర్వాహకుల అభిప్రాయం, ఆవరణలో మంచు తొలగించే సిబ్బంది నివేదిక నిర్ణయానికి ఆధారాలు.

కాగితం మీద స్వతంత్రమైన ఈ అధికారం ఆచరణలో బస్సు దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు బడి పిల్లల ప్రయాణ ఖర్చును ప్రభుత్వ నిధులతో భరించవచ్చని 1947లో ‘ఎవర్సన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్’ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు న్యూజెర్సీది. పెన్సిల్వేనియాలో ప్రభుత్వ డిస్ట్రిక్టు తన పిల్లలకు బస్సు నడిపితే, తన సరిహద్దుకు పది మైళ్ల లోపున్న ప్రైవేటు బడుల పిల్లలకూ నడపాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంటి నుంచి బడికి సాధారణంగా పదిహేను మైళ్ల దూరం దాకా ఇలా నడపాలి. డిస్ట్రిక్టు బడులు మంచు వల్ల మూసిన రోజున సాధారణంగా ఈ బస్సులు తిరగవు. కాబట్టి ఆ బస్సుల మీద ఆధారపడిన ప్రైవేటు బడి తెరిచినా పిల్లలు రాలేరు. ‘స్థానిక డిస్ట్రిక్టు మూస్తే మేమూ మూస్తాం’ అనే నియమం చాలా బడుల చేతిపుస్తకాల్లో ఉండడానికి ఇదే మూలం. నాలుగైదు డిస్ట్రిక్టుల నుంచి పిల్లలు వచ్చే బడికి చిక్కు ఇంకా ఎక్కువ. ఒక డిస్ట్రిక్టు మూసి మరొకటి తెరిస్తే, బడి తెరిచి ఉంచి, రాలేని పిల్లలకు గైర్హాజరు వేయకుండా ఊరుకోవడం వాడుకలో ఉన్న మార్గం.

ఎన్ని అంగుళాలు పడితే మూయాలి అన్నదానికి దేశవ్యాప్త కొలత లేదు. 2014 జనవరి 28న అట్లాంటాలో పడిన మంచు రెండున్నర అంగుళాల చిల్లరే. బడులు, కార్యాలయాలు ఒకేసారి వదలడంతో రోడ్లు స్తంభించి, వేలాది మంది పిల్లలు ఆ రాత్రి బడుల్లోనూ బస్సుల్లోనూ గడపాల్సి వచ్చింది. మంచు తొలగించే యంత్రాలు, ఉప్పు చల్లే లారీలు సిద్ధంగా ఉండే ఉత్తరాది నగరాల్లో అంత మంచు మామూలు రోజే. చలి విషయంలో కొలత కొంత స్పష్టం. గాలి తాకిడిని లెక్కలోకి తీసుకుని శరీరానికి తగిలే చలిని అంచనా వేసే సూచికను 2001లో సవరించారు. దాని ప్రకారం సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద గంటకు 15 మైళ్ల గాలి వీస్తే చలి మైనస్ 19 డిగ్రీలతో సమానం. ఆ చలిలో కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టగలదు. బస్టాపులో నిలబడే సమయాన్ని ఈ లెక్కతో పోల్చి మూసివేత నిర్ణయిస్తారు.

రకాలు

ప్రైవేటు బడుల స్పందనను ఐదు రకాలుగా విభజించవచ్చు. మొదటిది పూర్తి సెలవు. చాలా బడులు ఏటా కొన్ని మంచు సెలవులను క్యాలెండర్‌లోనే కలిపి ఉంచుతాయి. అవి వాడకపోతే వసంతంలో అదనపు సెలవుగా ఇవ్వడమూ ఉంది. రెండోది ఆలస్యంగా తెరవడం, ముందుగా వదలడం. రోడ్లు శుభ్రపడేందుకు రెండు గంటల వ్యవధి చాలనుకుంటే ఈ మార్గం ఎంచుకుంటారు. మూడోది పాఠ్యపత్రాల రోజు. పిల్లలు తమకు వీలైన సమయంలో పని పూర్తి చేసి తర్వాత అప్పగిస్తారు. నాలుగోది ప్రత్యక్ష వర్చువల్ రోజు. అందులో ఉపాధ్యాయుడు, పిల్లలు ఒకే సమయంలో వీడియోలో కలుస్తారు. ఐదోది మిశ్రమ విధానం. తొలి ఒకటి రెండు మూసివేతలకు పూర్తి సెలవిచ్చి, ఆ పైన వచ్చే ప్రతి రోజునూ వర్చువల్‌గా నడుపుతారు.

కొన్ని తరహా బడులకు ఈ విభజన అతకదు. వసతి పాఠశాలల్లో విద్యార్థులు, చాలామంది ఉపాధ్యాయులు ఆవరణలోనే ఉంటారు కనుక ఎంత మంచు పడినా తరగతులు సాధారణంగా ఆగవు. రోజూ ఇంటి నుంచి వచ్చే కొద్దిమందికి మాత్రమే ఆన్‌లైన్ ఏర్పాటు అవసరం. వాల్డార్ఫ్ బడులు చిన్నపిల్లలను తెరలకు దూరంగా ఉంచాలన్న సూత్రం మీద నడుస్తాయి. అందువల్ల చేతిపని, చదవడం, బయటి ప్రకృతిని గమనించడం వంటి పనులకే మొగ్గుతాయి. పెన్సిల్వేనియా, ఒహాయోల్లో పాత సంప్రదాయపు ఆమిష్ బడులకు ఇంటర్నెట్ లేదు. పిల్లలు ఎక్కువగా నడిచి వచ్చే దూరంలోనే బడి ఉంటుంది. పోయిన రోజును మరో రోజున తరగతి గదిలోనే పూడుస్తారు.

వర్చువల్ రోజు పనిచేసే తీరు

పైకి సులువుగా కనిపించే వర్చువల్ రోజు వెనక శరదృతువులోనే మొదలయ్యే తయారీ ఉంటుంది. పరికరం, ఖాతా, సమయపట్టిక అనే మూడూ సిద్ధంగా ఉండాలి. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ లేదా టాబ్లెట్ ఇచ్చే బడులు తుపాను హెచ్చరిక రాగానే వాటిని ఇంటికి తీసుకెళ్లమంటాయి. గూగుల్ క్లాస్‌రూమ్, కాన్వాస్, స్కూలజీ వంటి వేదికల్లో పని ఉంచుతారు. చిన్న తరగతులకు ‘సీసా’ (Seesaw) అనే వేదిక వాడకం ఎక్కువ. జూమ్ లేదా మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ప్రత్యక్ష తరగతి జరుగుతుంది. సమయపట్టికను మామూలు రోజు కంటే కుదిస్తారు. హైస్కూలు పిల్లలకు పొట్టి పీరియడ్లు, మధ్య తరగతులకు కొంత ప్రత్యక్ష బోధన, కొంత సొంత పని, చిన్నపిల్లలకు ఉదయం ఒక పలకరింపు సమావేశం, తర్వాత తల్లిదండ్రుల సాయంతో చేసే చిన్న పనులు ఇవ్వడం సాధారణ పద్ధతి. హాజరును ప్రత్యక్ష తరగతిలో కనిపించడం ద్వారా గానీ, సాయంత్రంలోగా పని అప్పగించడం ద్వారా గానీ నమోదు చేస్తారు.

వర్చువల్ రోజు బలహీనత కూడా ఈ ఏర్పాట్ల దగ్గరే బయటపడుతుంది. 2024 ఫిబ్రవరి 13న న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు మంచు వల్ల రిమోట్ రోజు పాటించినప్పుడు, ఒక్కసారిగా లక్షలాది మంది ప్రవేశించబోవడంతో చాలామంది ఖాతాలు తెరుచుకోలేదు. పిల్లల సంఖ్య తక్కువగా ఉన్న ప్రైవేటు బడికి అంత రద్దీ ఉండదు. కానీ విద్యుత్తు పోతే చిన్న బడి, పెద్ద బడి అన్న తేడా లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచిన చలి తుపానులో 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. అక్కడ వర్చువల్ బోధన అన్న మాటకే ఆస్కారం లేకపోయింది. బడిని మూయించే తుపానే ఇంటి కరెంటునూ తీసేయగలదు. కాబట్టి కాగితం పని ప్రత్యామ్నాయంగా ఉంచుకోని వర్చువల్ ప్రణాళిక అసంపూర్ణం.

ఫలితాలు: పరిశోధనల ఆధారాలు

మంచు సెలవుల వల్ల చదువు నిజంగా దెబ్బతింటుందా అన్న ప్రశ్నపై రెండు పరిశోధనలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. మేరీల్యాండ్ సమాచారంతో డేవ్ మార్కాట్, స్టీవెన్ హెమెల్ట్ 2008లో ప్రచురించిన అధ్యయనం, అనుకోని మూసివేతలు పెరిగిన ఏడాదిలో ఉత్తీర్ణత తగ్గిందని చూపింది. మూడో తరగతి గణితం, పఠనంలో కోల్పోయిన ఒక్కో రోజుకు ఆ తగ్గుదల అర శాతానికి పైగా ఉంది. మసాచుసెట్స్ సమాచారంతో జాషువా గుడ్‌మన్ 2014లో చేసిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. బడి మొత్తంగా మూసిన రోజుల ప్రభావం పరీక్షా ఫలితాల్లో కనిపించలేదు. బడి తెరిచి ఉండగా కొందరు పిల్లలు రాలేకపోయిన రోజుల ప్రభావం మాత్రం కనిపించింది.

ఈ రెండూ పరస్పరం కొట్టేసుకునే ఫలితాలుగా తోచినా, వాటి నుంచి బడులు గ్రహించదగిన విషయం ఒకటే. అందరికీ ఒకేసారి పోయిన రోజును ఉపాధ్యాయుడు పాఠ్యప్రణాళిక సర్దుకుని పూడ్చగలడు. సగం మంది వచ్చి సగం మంది రాని రోజు ఉపాధ్యాయుడికి రెట్టింపు భారం. వచ్చినవారికి కొత్త పాఠం చెబితే రానివారు వెనకబడతారు, చెప్పకపోతే వచ్చినవారి సమయం పోతుంది. మేరీల్యాండ్ అధ్యయనంలో నష్టం చిన్న తరగతుల్లో, పరీక్షకు ముందు వచ్చిన మూసివేతల్లో కనిపించడం గమనించాలి. అంటే ఒక్క మంచు సెలవుతో వచ్చే నష్టం చిన్నది, సెలవులు పేరుకున్నకొద్దీ అది పెరుగుతుంది. పైగా ప్రత్యక్ష వర్చువల్ రోజున కొందరికి ఇంటర్నెట్ అంది మరికొందరికి అందకపోతే, గుడ్‌మన్ చూపిన ‘సగం తరగతి’ పరిస్థితే ఇంట్లో తిరిగి పుడుతుంది. వర్చువల్ రోజు మంచు సెలవు కంటే తప్పనిసరిగా మేలు చేస్తుందన్న భావనకు ఈ ఆధారాలు బలమివ్వవు. పేరుకున్న నష్టాన్ని తగ్గించే సాధనంగా దాని ఉపయోగాన్ని మాత్రం ఇవి సమర్థిస్తాయి.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం ఫీజుల గురించి. ఏడాదికి వేల డాలర్లు చెల్లించే తల్లిదండ్రులకు ప్రతి పనిదినానికీ బోధన అందాలి కదా, సెలవు ఇవ్వడం ఒప్పందానికి విరుద్ధం కదా అన్న వాదన ఉంది. ఈ వాదనలో న్యాయం ఉంది. అయితే ఫీజు ఏడాది మొత్తం విద్యకు చెల్లించేది, రోజుకింతని కొనేది కాదు. చాలా స్వతంత్ర బడులు ప్రభుత్వ బడుల కంటే తక్కువ రోజులు, రోజుకు ఎక్కువ సమయం నడుస్తాయి. తల్లిదండ్రులు ఎంచుకున్నది ఆ పద్ధతినే. బోధన నాణ్యత గురించి అడగడం సబబు. తుపాను రోజున కుదించిన వీడియో తరగతి పూర్తి రోజు బోధనకు సమానమని చూపడం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

రెండో అభ్యంతరం సమానత్వానిది. ప్రైవేటు బడి పిల్లల ఇళ్లలో సౌకర్యాలు ఉంటాయి గనుక ఈ సమస్య వారికి వర్తించదని అనుకోవడం తొందరపాటు. నగరాల్లోని క్యాథలిక్ బడుల్లో స్కాలర్‌షిప్‌ల మీద చదివే తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. జనగణన సంస్థ 2015 నాటి సర్వే సమాచారాన్ని విశ్లేషించిన ప్యూ పరిశోధనా కేంద్రం, బడి వయసు పిల్లలున్న ఇళ్లలో 15 శాతానికి వేగవంతమైన ఇంటర్నెట్ లేదని తేల్చింది. ఏడాదికి 30 వేల డాలర్ల లోపు ఆదాయమున్న ఇళ్లలో అది 35 శాతం. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడినా అంతరం పోలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే పరికరం ఉన్న ఇంట్లో ఒకేసారి జరిగే ప్రత్యక్ష తరగతులు కుదరవు. వీలైన సమయంలో చేసుకునే పని ఇవ్వడం, ఆలస్యమైనా శిక్షించకపోవడం ఇందుకు ఆచరణీయమైన పరిష్కారాలు.

మూడోది చిన్నపిల్లల విషయం. ఐదారేళ్ల పిల్లవాడు తెర ముందు కూర్చోవాలంటే పక్కన పెద్దవారు ఉండాలి. ఆసుపత్రిలోనో దుకాణంలోనో పనిచేసే తల్లిదండ్రులకు మంచు రోజున కూడా డ్యూటీ తప్పదు. వర్చువల్ రోజు పెడితే పిల్లల సంరక్షణ భారం తగ్గదు సరికదా, దానిపై పాఠం చెప్పించే భారం కూడా చేరుతుంది. ప్రాథమిక తరగతులకు తేలికైన పని, పై తరగతులకు ప్రత్యక్ష బోధన అని వయసును బట్టి విడదీయడానికి కారణం ఇదే. నాలుగో అభ్యంతరం ఎదురు దిశ నుంచి వస్తుంది. మంచులో ఆడుకోవడం బాల్యపు హక్కు, దాన్ని తెర మింగేయకూడదు అంటారు. బాల్యానికి ఆటవిడుపు అవసరమన్నది కాదనలేని మాట. కానీ వరసగా ఐదారు రోజులు మూతపడిన శీతాకాలంలో, జూన్ చివరిదాకా బడి సాగడం కంటే కొన్ని వర్చువల్ రోజులు మేలని చాలా కుటుంబాలు భావించడమూ అంతే సహేతుకం. తొలి రోజులు సెలవు, ఆపై వర్చువల్ అనే మిశ్రమ విధానం ఈ రెండు వాదనలకూ చోటిస్తుంది.

తెలుగు కుటుంబాలు, తెలుగు రాష్ట్రాలతో పోలిక

న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియా, డాలస్, అట్లాంటా పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వ్యవస్థ నిత్యజీవితంలో భాగం. ఒకే ఇంట్లో ఒక బిడ్డ ప్రభుత్వ బడిలో, మరో బిడ్డ ప్రైవేటు బడిలో ఉంటే ఒకరికి సెలవు, మరొకరికి ఆన్‌లైన్ తరగతి పడే రోజులు రావచ్చు. ఊళ్లో ఉన్న అలవాటు కొద్దీ, ఒక్క ప్రకటనతో బడులన్నీ మూతపడతాయని కొత్తగా వెళ్లినవారు అనుకోవడం సహజం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో భారీ వర్షాలకు, తుపానులకు జిల్లా కలెక్టరు గానీ రాష్ట్ర ప్రభుత్వం గానీ ప్రకటించే సెలవు ప్రైవేటు యాజమాన్యాలకూ వర్తిస్తుంది. 2024 సెప్టెంబరు 2న వానల వల్ల తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రమంతటా బడులకు సెలవు ప్రకటించడం అలాంటిదే. ఎండాకాలంలో నడిపే ఒంటిపూట బడులు కూడా ప్రభుత్వ ఉత్తర్వుతోనే మొదలవుతాయి. వాతావరణాన్ని బట్టి బడి వేళలు కుదించడమన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే. అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. అమెరికాలో డిస్ట్రిక్టు ప్రకటన ప్రైవేటు బడిని చట్టబద్ధంగా కట్టిపడేయదు. అందుకే తల్లిదండ్రులు తమ బడి నుంచి నేరుగా వచ్చే సందేశాన్నే చూసుకోవాలి.

ప్రాముఖ్యం

మంచు సెలవు చిన్న విషయంగా కనిపించినా, ప్రైవేటు విద్యకున్న స్వేచ్ఛ ఎంతవరకు సాగుతుందో అది తేటతెల్లం చేస్తుంది. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ రోడ్డు మీది మంచును కరిగించదు. బడి సొంత నిర్ణయం బస్సు లేని లోటును పూడ్చదు. క్షేమం విషయంలో ప్రైవేటు బడి చుట్టుపక్కల అందరితో కలిసి నడవాల్సిందే. పనిదినాల లెక్క విషయంలో తనకున్న వెసులుబాటును, కేవలం హాజరుపట్టీ నింపే వర్చువల్ రోజులకు కాకుండా, పిల్లల వయసుకూ ఇంటి పరిస్థితికీ తగిన ఏర్పాటుకు వాడుకున్నప్పుడే ఆ స్వేచ్ఛకు అర్థం ఉంటుంది. అలా వాడుకోవడానికి కావలసినవి ఎక్కువేమీ లేవు. మంచు పడకముందే రాతపూర్వకంగా విధానం ప్రకటించాలి. ఎన్ని రోజుల దాకా పూర్తి సెలవో, ఎన్నో రోజు నుంచి వర్చువల్ బోధనో అందులో చెప్పాలి. కరెంటు పోతే చేయాల్సిన పనిని కాగితం మీద ఇచ్చి ఉంచాలి. రాలేని, కలవలేని పిల్లవాడికి శిక్ష వేయకూడదు. ఇవి పాటించిన బడిలో మంచు సెలవుకూ వర్చువల్ రోజుకూ మధ్య పోటీ ఉండదు, రెండింటికీ వాటి చోటు ఉంటుంది.